కొండదారి అంటే గుండెదడా? దోర్నాల ఘాట్‌కి ఇలా సిద్ధం కండి

కారు నేర్చుకుని రెండేళ్లయినా హైవే దిగి పక్కకు తిరగనివాళ్లు మా నెల్లూరు, ఒంగోలు వైపు చాలామందే ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. మనది బల్లపరుపు నేల. కావలి దాటి ఒంగోలు పోయేదాకా స్టీరింగ్ గట్టిగా తిప్పే పనే పడదు. అలాంటిది ఇంట్లో ఎవరో “ఈసారి శ్రీశైలం మన కారులోనే పోదాం” అన్నారంటే ఆ రాత్రి ఇక నిద్ర పట్టదు. నాకూ పట్టలేదు.

మలుపుల సంగతి తర్వాత చూద్దాం. ఆ మలుపుల దగ్గరికి మనం ఏ స్థితిలో చేరుతున్నామనేది ముందు చూసుకోవాలి. నా మొదటి ప్రయాణం చెడింది అక్కడే.

గేటు నుంచి వెనక్కి లెక్కేయండి

దోర్నాల నుంచి శ్రీశైలం దాదాపు 50 కిలోమీటర్లు, 765వ నంబరు జాతీయ రహదారి. దారంతా నల్లమల అడవే, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అందుకని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు దోర్నాల దగ్గరి అటవీశాఖ గేటు మూసేస్తారు. మహాశివరాత్రి లాంటప్పుడు సడలిస్తారు.

“9 లోపు గేటు దాటితే చాలు” అని మొదటిసారి నేను నెల్లూరులో మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా బయల్దేరాను. గేటు అయితే దొరికింది. ఆ తర్వాత ఘాట్ అంతా చీకట్లో, ఎదురొచ్చే బస్సుల లైట్లు కళ్లలో కొడుతుంటే, చొక్కా తడిసిపోయి ఎక్కాను. గేటు మూసే టైము అటవీశాఖది. మన టైము మనం పెట్టుకోవాలి. కొత్త డ్రైవర్లకు నేను చెప్పేది మధ్యాహ్నం 3 గంటలు. ఆలోపు దోర్నాల దాటలేకపోతే ఆ రోజుకు ఘాట్ వద్దు.

ఇంకా మంచి పద్ధతి ముందురోజు మార్కాపురంలో పడుకోవడం. ఒంగోలు వాళ్లు చీమకుర్తి, పొదిలి మీదుగా, నెల్లూరు వాళ్లు కావలి, కందుకూరు, పొదిలి మీదుగా రావచ్చు. చీమకుర్తి దగ్గర గ్రానైట్ రాళ్ల లారీలు ఉంటాయి, వాటి వెనకే నిదానంగా పొండి. సాయంత్రం చెన్నకేశవస్వామి గుడి చూసి, నాలుగు మెతుకులు తిని పడుకుంటే, తెల్లారి దోర్నాల 30 కిలోమీటర్ల పైచిలుకే. ఒళ్లు అలవకుండా ఘాట్ మొదలుపెడతారు. ఒక లాడ్జి రూము ఖర్చు అదనం. అది దండగ అని మా బావ ఇప్పటికీ వాదిస్తాడు. ఆయన డ్రైవరును పెట్టుకుని పోయే మనిషి.

కార్తీక మాసం, శివరాత్రి, కన్నడ భక్తులు వేలల్లో వచ్చే ఉగాది రోజులు మొదటి ప్రయాణానికి పనికిరావు. తుపాను వార్త ఉంటే వాయిదా వేయండి. మామూలు వారంలో మంగళవారమో బుధవారమో చూసుకోండి.

ఇంటి దగ్గరే ఒక చిన్న కొండ

నెల్లూరు పక్కన నరసింహకొండ ఉండనే ఉంది. ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ రాకముందు వెళ్లి, ఎత్తులో బండి ఆపి మళ్లీ కదపడం పదిసార్లు చేయండి. ఘాట్‌లో కొత్తవాళ్ల గుండె జారేది ఇక్కడే. ముందు బస్సు ఆగుతుంది, మనమూ ఆగుతాం, వెనక ఇంకో కారు మన బంపరుకు మూతి ఆనించినట్టు నిలబడుతుంది.

చేయాల్సింది ఇదీ: హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగండి. ఫస్ట్ గేరు వేసి, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్‌ను మెల్లగా వదలండి. ఒక చోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బండి ముందుభాగం కాస్త పైకి లేచినట్టు అనిపిస్తుంది. పాదం అక్కడే నిలిపి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించండి. బండి వెనక్కి వేలెడు కూడా జారదు. ఆ శబ్దం చెవికి అలవాటయ్యేదాకా ఘాట్ మాట ఎత్తొద్దు. క్లచ్ లేని కార్లయినా కొన్ని ఎత్తులో వెనక్కి జారతాయి, మీ బండి సంగతి ఇక్కడే తెలుసుకోండి.

ఇంకాస్త ధైర్యం వచ్చాక రాపూరు నుంచి చిట్వేలు పోయే ఘాట్ ఒకసారి పగటిపూట చూసి రావచ్చు.

బండి, బండిలో మనుషులు

టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి, స్టెప్నీలో కూడా. బ్రేకులు, కూలెంట్, వైపర్లు మెకానిక్‌కి చూపించండి. ట్యాంకు మార్కాపురంలోనో దోర్నాలలోనో నింపుకోండి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు కాబట్టి మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోండి. ప్లాస్టిక్ వస్తువులకు అభయారణ్యంలో నిషేధం ఉంది, నీళ్లకు స్టీలు సీసాలు పెట్టుకోండి.

మనుషుల సంగతే కాస్త కష్టం. పక్క సీట్లో కూర్చునేవాళ్లు “అదిగో లారీ! అబ్బా, చూసుకో!” అనేవాళ్లయితే ఎంత ప్రేమ ఉన్నా వెనక కూర్చోబెట్టండి. మా అత్తమ్మను అలాగే కూర్చోబెట్టాను, రెండు రోజులు మాట్లాడలేదు. వాంతులయ్యేవాళ్లు ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డునే చూస్తుంటే నయం. ఫోన్ చూడకూడదు. ఖాళీ కడుపూ వద్దు, పప్పుచారుతో దిట్టంగా తినడమూ వద్దు. రెండిడ్లీలు చాలు.

ఎక్కేటప్పుడు

మలుపు రాకముందే వేగం తగ్గించి గేరు మార్చేయండి. మలుపులోకి వెళ్లాక గేరు కోసం తడుముకుంటే బండి మూలిగి ఆగిపోతుంది. అవతల కనపడని ప్రతి మలుపు దగ్గరా హారన్ కొట్టండి, మీ ఎడమ పక్కనే ఉండండి. ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ కట్టేయండి. అప్పటికీ దిగకపోతే విశాలమైన చోట ఆపుకోండి, రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయొద్దు.

వెనక ఆర్టీసీ బస్సు వచ్చి హారన్ కొడితే కంగారుపడకండి. ఆ డ్రైవరుకు ఈ దారి కొట్టినపిండి. వెడల్పు ఉన్న చోట ఎడమకు తీసి దారి ఇచ్చేయండి, మీకూ ప్రాణం హాయిగా ఉంటుంది. ఇరుకు చోట ఎదురెదురు పడితే ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారివ్వాలి. నిబంధనల్లో ఉన్న మాటే ఇది. అలాగని పట్టుపట్టి నిలబడకండి.

దిగేటప్పుడు

ఎక్కడానికి భయపడిన నేను దిగడానికి భయపడలేదు. అదే పొరపాటు. తిరుగుదారిలో ముందు శిఖరం దాకా ఎక్కుడే. శిఖరేశ్వరం శ్రీశైలం కొండల్లో ఎత్తైన చోటు, సముద్రమట్టానికి 2,830 అడుగులు. ఆ తర్వాత దోర్నాల వైపు దిగుడు. బండి తనంతట తానే పోతోంది కదా అని ఫోర్త్ గేరులో వేసి, పాదం బ్రేకు మీదే పెట్టుకుని వచ్చాను. కింద టీ బంకు దగ్గర ఆపేసరికి కాలిన వాసన. పక్కన లారీ మనిషి ఒకాయన ముక్కు మూసుకుని వచ్చాడు.

“ఏంది సార్, ఆ బ్రేకుని అట్ట చంపతా వచ్చినావు? గేరు ఉండాది గదా!”

ఆయన టీ తాగుతూ చెప్పిందే ఇప్పటికీ పాటిస్తున్నా. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. సెకండ్‌లో వేస్తే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, అరవనివ్వండి. బండిని పట్టి ఉంచేది ఆ అరుపే. బ్రేకు అవసరమైనప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేయాలి. అదేపనిగా నొక్కి ఉంచితే బ్రేకులు వేడెక్కి, చివరికి నొక్కినా పట్టవు. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దిగడం, క్లచ్ తొక్కి జారడం చేయనే వద్దు. ఆటోమేటిక్ కార్లలో లివర్‌ను ఎల్ లేదా మాన్యువల్‌లోకి మార్చి కింది గేరు పెట్టుకోండి.

ఆపాల్సి వస్తే

మలుపులో ఆపకండి. ముందూ వెనకా చాలాదూరం కనపడే చోట పూర్తిగా రోడ్డు దింపి ఆపండి. హ్యాండ్ బ్రేక్ లాగి, ఎత్తువైపు మూతి ఉంటే ఫస్ట్ గేరు, దిగుడువైపు ఉంటే రివర్స్ గేరు వేసి, చక్రం కింద రాయి పెట్టండి. బయల్దేరేటప్పుడు ఆ రాయిని తీసి పక్కన పారేయండి. దారి మధ్యలో వదిలేసిన రాయి రాత్రి బైకు మీద వచ్చేవాడి ప్రాణం మీదికి తెస్తుంది. కోతులకు అరటిపళ్లు వేయొద్దు, అద్దాలు దించొద్దు.

దోర్నాల చేరాక బండి ఆపి, ముందు చక్రానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూడండి. ముట్టుకోకండి. కొద్దిపాటి వెచ్చదనమే అయితే బాగా దిగినట్టు. పొయ్యి సెగలా తగిలితే ఇంకా బ్రేకు మీదే దిగుతున్నారన్నమాట. నీళ్లు గుమ్మరించకుండా అరగంట ఆగండి, ఆలోపు టీ తాగండి, తర్వాత మార్కాపురం దారి పట్టవచ్చు.