రీమ్యాప్ చేయించిన టర్బో కారులో ఇంటర్‌కూలర్‌ని చల్లగా ఉంచడం ఎలా?

రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం. అలా బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచాక నల్గొండ ఎండలకు కారు మందగించగానే చాలామంది పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బోలో వేడెక్కిన గాలిని చల్లార్చే భాగం) కొనడానికి పరుగెడతారు. ఉన్నదాంట్లోంచి గాలి సరిగ్గా పోతోందో లేదో ముందు చూడండి. ఒక బార్ బూస్ట్‌లో, 40 డిగ్రీల బయటి గాలి టర్బో దాటేసరికి 130 వరకు వేడెక్కుతుంది. ఆ వేడి దిగకపోతే పెట్రోల్ కారులో ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ తగ్గించేస్తుంది, అంటే స్పార్క్ ఆలస్యం చేస్తుంది. పెంచిన పవర్ అక్కడే పోతుంది.

కావలసినవి: ఓబీడీ రీడర్ (కారు సెన్సర్ల రీడింగులు చూపే పరికరం), స్పానర్లు, మెత్తటి బ్రష్, నీళ్లు పీల్చని ఫోమ్ షీట్, పలుచని అల్యూమినియం రేకు.

మొదట విజయవాడ హైవే మీద 80 వేగంతో కాసేపు నడిపి, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత రాసుకోండి. అందులోంచి బయటి ఉష్ణోగ్రత తీసేయండి, ఆ తేడాయే ముఖ్యం. కొన్ని కార్లలో ఈ సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ దగ్గరే ఉంటుంది. ఆ రీడింగ్ ఇంటర్‌కూలర్ గురించి ఏమీ చెప్పదు.

ఇంజిన్ చల్లారాక బంపర్ విప్పి, ఇంటర్‌కూలర్ ఫిన్లలో (పలుచని రేకుల్లో) చిక్కిన పురుగులు, దుమ్ము బ్రష్‌తో, సన్నటి నీటి ధారతో కడగండి. పత్తి సీజన్‌లో చండూరు, మునుగోడు వైపు తిరిగే కార్లలో దూది పోగులు కూడా ఉంటాయి. ప్రెజర్ గన్ కొడితే ఫిన్లు వంగిపోతాయి. ఇంటర్‌కూలర్ గొట్టాలకు టీ-బోల్ట్ క్లాంపులే (బోల్టుతో బిగించే పట్టీలు) వేయాలి, మామూలు స్క్రూ క్లిప్పులు వద్దు.

ఇక అందరూ పాడుచేసే పని, సందులు మూయడం. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది. ఇంటర్‌కూలర్ చుట్టూ వేలు దూరే సందున్నా ఫిన్లను వదిలేసి పక్కనుంచి జారిపోతుంది. బంపర్ నోటి నుంచి ఇంటర్‌కూలర్ అంచుల దాకా రేకుతో దారి కట్టి, అతుకుల్లో ఫోమ్ నొక్కండి. ఫోమ్ ఎగ్జాస్ట్ వేడి తగిలే చోట ఉండకూడదు.

ఇక్కడే జాగ్రత్త. ఇంటర్‌కూలర్ రేడియేటర్ ముందుంటే, రేడియేటర్‌లో అది కప్పని భాగానికి గాలి దారి వదిలేయాలి. మొత్తం మూసేస్తే కూలెంట్ వేడెక్కి అసలుకే ఎసరు. వెనకవైపు గాలి బయటికి పోయే దారిని అసలు మూయకండి, వెళ్లే దారి లేకపోతే ముందు నుంచి గాలి రాదు. సర్వీసుకిచ్చినప్పుడు మెకానిక్‌లు ఇంజిన్ కింది ప్లాస్టిక్ షీల్డ్ తీసి మూలన పడేస్తారు. నా కారుకీ అదే జరిగింది. అది గాలి దారిలో భాగం, వెతికించి మళ్లీ బిగించండి.

కొందరు నీళ్లు చల్లే పంపు పెట్టించుకుంటారు. మన బోరు నీళ్లు ఆరితే ఫిన్ల మీద తెల్లటి పొర కడుతుంది, అది వేడిని బయటికి పోనివ్వదు. నేనైతే ఎవరికీ పెట్టించుకోమని చెప్పను.

ఇప్పుడు అదే రోడ్డు మీద, అదే వేగంతో మళ్లీ చూడండి. కూలెంట్ రీడింగ్ కూడా గమనించండి, అది ముందుకంటే పెరిగితే ఫోమ్ కొంత తీసేయాలి. పంతంగి టోల్ గేట్ లైన్లో ఆగినప్పుడు ఇన్‌టేక్ వేడి పెరగడం మామూలే, టెన్షన్ వద్దు. కదిలాక ఎంత త్వరగా దిగుతోందో చూడాలి. హైవే మీద తేడా 15 డిగ్రీల లోపుంటే వేరేది అక్కర్లేదు. ఇంత చేశాక కూడా 25 దాటుతుంటే అప్పుడు పెద్దది కొనండి, దానికీ ఇలాగే సందులు మూయించండి.