పోయిన టీచర్ పేరు మీద ఏటా ఒక ఫుట్‌బాల్ రోజు: మేం ఎలా జరుపుతామంటే

మా స్కూల్లో లెక్కలు చెప్పిన టీచర్ ముప్పై నిండకుండానే ఎముక క్యాన్సర్‌తో పోయింది. ఆమె మంచి ఫుట్‌బాల్ ప్లేయర్. కాలేజీ రోజుల నుంచి మిడ్‌ఫీల్డ్‌లో ఎనిమిదో నంబర్ జెర్సీతో ఆడేది. నేను అదే స్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్‌ని. బొల్లారం వైపు పిల్లలకు ఆట నేర్పడం నా పని. నన్ను ‘అన్నా’ అని పిలిచేది. బెల్ కొట్టాక స్టాఫ్ రూమ్‌లో కంటే గ్రౌండ్‌లోనే ఎక్కువ కనిపించేది. ఆమె పేరు మీద ఏటా ఒక ఆదివారం మ్యాచ్‌లు పెడుతున్నాం. తమ స్కూల్లోనూ ఇలాంటిది చేయాలనుకునేవాళ్లు అడుగుతుంటారు. అందుకే మేం చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఆమె మంచం పట్టింది కొన్ని నెలలు. పాఠం చెప్పింది, ఆడింది ఏళ్ల తరబడి. ఆ రోజుకు ఏ కార్యక్రమం అనుకున్నా ఈ లెక్క మనసులో పెట్టుకోండి. ఎంత ఉంచాలో, ఎంత తీసేయాలో మీకే తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముందు ఇంటికెళ్లి అడగండి. ఫోన్‌లో అడిగే విషయం కాదిది, వాట్సాప్‌లో అసలే కాదు. ఇద్దరు వెళ్లండి, ఒకరు ఆమెతో కలిసి పనిచేసినవాళ్లయితే మంచిది. వాళ్ల అమ్మగారు మాకు మూడు మాటలు చెప్పారు. దండ వేసిన ఫొటో పెట్టొద్దన్నారు. జబ్బు ఎలా బయటపడింది, చివర్లో ఎంత బాధపడింది అన్నవి మైక్‌లో చెప్పొద్దన్నారు. తమ కుటుంబం కోసమని ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవద్దన్నారు. ఈ మూడూ మేం కాగితం మీద రాసి కమిటీలో అందరికీ ఇచ్చాం. పెట్టుకోవడానికి ఫొటో అమ్మగారే ఇచ్చారు, మోకాళ్ల దాకా మట్టి అంటుకుని టీచర్ నవ్వుతున్నది.

తేదీ విషయంలో మన ఇళ్ల పద్ధతి గుర్తుంచుకోవాలి. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది. క్యాలెండర్‌లో ఏటా ఒకే తేదీన పడదు. ఆ రోజు వాళ్లింట్లో పూజారి, వంట, చుట్టాలు ఉంటారు. మనం అదే వారంలో మ్యాచ్ పెడితే అమ్మగారు ఇటూ రాలేరు, అటూ మనసు పెట్టలేరు. మొదటి ఏడాది పూర్తి కాకముందు సందడి ఉండే కార్యక్రమాలకు కొన్ని కుటుంబాలు రావు. అందుకే చనిపోయిన రోజు వదిలేసి, పుట్టినరోజుకి దగ్గరి ఆదివారం పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. పుట్టినరోజు మే నెలలో వస్తే మాత్రం మార్చుకోండి. హైదరాబాద్ మే ఎండల్లో పిల్లల్ని ఆడించకూడదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానల భయం. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు పొద్దున ఏడింటికి మొదలుపెడితే హాయిగా సాగుతుంది.

గ్రౌండ్ స్కూల్‌దే అయితే గొడవ లేదు. బయట గ్రౌండ్ అయితే అది ఎవరిదో ముందు తెలుసుకోండి. కంటోన్మెంట్ ప్రాంతంలో చాలా మైదానాలు సైన్యం కింద ఉంటాయి. మాట మీద నమ్మి ఊరుకోకుండా రాతలో అనుమతి తీసుకోండి.

ఇక మ్యాచ్‌లు. పదకొండు మంది జట్లు పెడితే రోజంతా కలిపి కొంతమందే ఆడతారు, మిగిలినవాళ్లు చూస్తూ కూర్చుంటారు. ఏడుగురేసి జట్లు చేయండి. పూర్తి గ్రౌండ్‌ను అడ్డంగా రెండుగా విడగొడితే ఒకేసారి రెండు మ్యాచ్‌లు నడుస్తాయి. సగానికి పది పన్నెండు నిమిషాలు చాలు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నాలుగో సైజు బంతి, ఆ పైవాళ్లకు ఐదో సైజు. చిన్నవాళ్లకు పెద్ద బంతి ఇస్తే కాలు నొప్పి పెడుతుంది, ఆట మీద ఇష్టం పోతుంది. ప్రతి జట్టులో ఆడపిల్లలు ఉండాలన్నది మా నియమం. టీచర్ బతికుండగా పట్టుబట్టి తెచ్చింది, అలాగే ఉంచాం. షార్ట్స్ వేసుకోవడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ట్రాక్ ప్యాంట్‌తో ఆడనివ్వండి. తలకు స్కార్ఫ్ కట్టుకుని ఆడే పిల్లల్ని అడ్డుకోవద్దు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమాలే 2014 నుంచి దాన్ని అనుమతిస్తున్నాయి. రెఫరీ ఎవరైనా అడిగితే ఈ మాట చెప్పండి.

మ్యాచ్‌ల మధ్యలో మేం ఒక పాఠం పెడతాం. నాకు ఆ రోజంతటిలో ఇష్టమైనది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. టీచర్ తొమ్మిదో తరగతికి కోణాలు బోర్డు మీద మొదలుపెట్టేది కాదు. గోల్‌పోస్ట్ ముందుకు తీసుకొచ్చేది. రెండు పోస్టులకూ చెరో తాడు కట్టి, రెండు కొసలూ బంతి పెట్టిన చోట కలిపేది. బ్లాక్‌బోర్డు మీద వాడే పెద్ద చెక్క కోణమానిని అక్కడ పెట్టి, రెండు తాళ్ల మధ్య కోణం చదవమనేది. పూర్తి సైజు గోల్ వెడల్పు 7.32 మీటర్లు, పెనాల్టీ స్పాట్ గోల్‌కి 11 మీటర్ల దూరం. అక్కడి నుంచి కోణం దాదాపు 37 డిగ్రీలు వస్తుంది. ఇంకో 11 మీటర్లు వెనక్కి, అంటే 22 మీటర్ల దగ్గరికి వెళ్తే 19 డిగ్రీలకు పడిపోతుంది. వెనక్కి వెళ్లకుండా పెనాల్టీ స్పాట్ నుంచి పక్కకు 11 మీటర్లు జరిగినా 19కి కాస్త పైన వస్తుంది, అంతే. పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. పక్కకు జరిగినా గోల్ ఇంత చిన్నదైపోతుందా అని మళ్లీ కొలుస్తారు. ఆ తర్వాత గోల్‌కీపర్‌ని రెండు తాళ్ల మధ్య నిలబెట్టి, బంతి వైపు ఒక్కో అడుగూ నడిపించాలి. ముందుకు వచ్చేకొద్దీ కీపర్‌కి రెండు పక్కలా ఉన్న ఖాళీ తగ్గిపోతుంది. కీపర్ గీత మీదే ఎందుకు నిలబడకూడదో ఇక వాళ్లకు చెప్పక్కర్లేదు. మీ గోల్ చిన్నదైతే అంకెలు మారతాయి, పాఠం అదే. మీ టీచర్ సైన్స్ చెప్పినా, తెలుగు చెప్పినా ఆమెదే అయిన పాఠం ఒకటి ఉండి ఉంటుంది. పాత విద్యార్థుల్ని అడిగి దాన్ని బయటికి తీయండి. ఆమెను చూడని పిల్లలకు ఆమె ఎలాంటిదో ఉపన్యాసం కంటే ఇదే బాగా చెప్తుంది.

జెర్సీ గురించి మా స్టాఫ్‌లో పెద్ద చర్చే జరిగింది. అద్దాల పెట్టెలో పెడదామన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. అసలు జెర్సీ అమ్మగారి దగ్గరే ఉంది, ఉండాల్సింది అక్కడే. మేం అదే రంగులో కొత్త ఎనిమిదో నంబర్ జెర్సీ కుట్టించాం. ఏటా ఆ రోజు ఒక అమ్మాయి దాన్ని వేసుకుని ఆడుతుంది. బాగా ఆడే పిల్లకే ఇవ్వాలని లేదు. పాస్ ఇచ్చే పిల్లకు ఇస్తాం, ఎందుకంటే టీచర్ గోల్ కొట్టడం కంటే గోల్ కొట్టించడంలో సంతోషపడేది.

ముఖ్య అతిథిని పిలవకండి. వాళ్లు వచ్చేదాకా పిల్లలు ఎండలో వరసగా నిలబడాలి. ఆమె దగ్గర చదువుకుని ఇప్పుడు కాలేజీలో ఉన్న ఒకరితో మొదటి కిక్ కొట్టించండి. ఒక నిమిషం మౌనం చాలు. మా పిల్లల్లో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ముగ్గురూ ఉన్నారు కాబట్టి దీపం బదులు తలా ఒక పువ్వు ఫొటో ముందు పెడతారు.

మొదలుపెట్టే ముందు నేను ఐదు నిమిషాలు సయ్యద్ అబ్దుల్ రహీం గురించి చెప్తాను. మన నగరం మనిషి, వృత్తిరీత్యా టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా గెలుపు తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. ఒక టీచర్ ఇదే ఊళ్లో ఉండి ఇంత చేశారని మా పిల్లల్లో చాలామందికి అప్పటిదాకా తెలియదు.

జబ్బు గురించి మైక్‌లో మాట్లాడకపోయినా పిల్లల ప్రశ్నలకు జవాబు ఇవ్వాలి. ముందురోజు తరగతి గదిలో, చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చెప్పండి. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఆమె వాడిన బంతి ముట్టుకుంటే రాదు. ఆమె ఏ తప్పూ చేయలేదు. ‘దేవుడి దగ్గరికి వెళ్లింది’, ‘నిద్రపోయింది’ లాంటి మాటలతో చిన్నపిల్లలకు లేని భయాలు పుడతాయి. ‘చనిపోయింది’ అనే చెప్పండి. ఏడ్చే పిల్లను ఆపకండి. పక్కన కూర్చుంటే చాలు.

ఆడే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు ఒక విషయం తప్పక చెప్పాలి. దీనికి డాక్టర్‌ని పిలిచి పది నిమిషాలు ఇస్తే మంచిది. ఎముక క్యాన్సర్లలో ఒక రకం, ఆస్టియోసార్కోమా, ఎక్కువగా ఎదిగే వయసు పిల్లల్లో, యువతలో వస్తుంది. తరచుగా మోకాలి చుట్టుపక్కలే మొదలవుతుంది. ఫుట్‌బాల్ ఆడేవాళ్లకు మోకాలి నొప్పి మామూలే కాబట్టి దెబ్బ తగిలిందిలే అనుకుంటారు. నిజానికి చాలా నొప్పులు దెబ్బలే, టెన్షన్ పడక్కర్లేదు. కానీ విశ్రాంతి తీసుకున్నా వారాల తరబడి తగ్గకపోయినా, రాత్రి నిద్రలో లేపేంత నొప్పి ఉన్నా, వాపు పెరుగుతున్నా మాలిష్‌లు, పట్టీలు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించాలి. అరుదైన జబ్బే. తొందరగా కనిపెడితే వైద్యం బాగా పనిచేసే అవకాశం పెరుగుతుంది.

రక్తదాన శిబిరం పెట్టాలని ఎవరో ఒకరు అంటారు. మంచి ఆలోచనే, ఎందుకంటే కీమో తీసుకునేవాళ్లలో చాలామందికి రక్తం, ప్లేట్‌లెట్లు కావాలి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, కాబట్టి దాతలు ఎప్పుడూ వస్తూనే ఉండాలి. అయితే మ్యాచ్ రోజు పెట్టొద్దు. రక్తం ఇచ్చినవాళ్లు ఆ రోజు పరుగెత్తకూడదు. ఇంకో ఆదివారం, లైసెన్స్ ఉన్న బ్లడ్ బ్యాంక్ వాళ్లతో పెట్టించండి. రక్తం ఇచ్చేవాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటర్ రక్తానికి కనీసం 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. స్కూల్ పిల్లలు ఇవ్వలేరు. పాత విద్యార్థులు, తల్లిదండ్రులు ఇవ్వగలరు.

జ్ఞాపకాల పుస్తకానికి పెద్ద గట్టి అట్ట నోట్‌బుక్ కొనండి. ‘టీచర్ గురించి రాయండి’ అంటే అందరూ ‘చాలా మంచివారు’ అనే రాస్తారు. ‘ఆమె మీతో అన్న ఒక మాట రాయండి’, ‘ఆమెకు కోపం వచ్చిన రోజు ఏమైంది’ అని అడగండి. మా పుస్తకంలో ఒకడు, తను హోంవర్క్ చేయలేదని టీచర్ బెంచీ ఎక్కించకుండా గ్రౌండ్ చుట్టుకొలత కొలిచి రమ్మందని రాశాడు. ఆమె రాసిన ప్రశ్నపత్రాలు, దిద్దిన పేపర్లు ఎవరి దగ్గరున్నా స్కాన్ చేయించండి. వాయిస్ మెసేజ్‌లు ఫోన్ మారితే పోతాయి, వెంటనే కాపీ తీయండి. వాటిని అమ్మగారికి వినిపించే ముందు వింటారా అని అడగండి. ఇంకా వద్దంటే దాచి ఉంచండి.

డబ్బు విషయం మొదటి రోజు నుంచే తేటగా ఉండాలి. బంతులు, బిబ్‌లు (జట్లు తెలిసేలా పైన వేసుకునే రంగు బనియన్లు), గీతలకు సున్నం, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బత్తాయిలు, ఐస్ బాక్స్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె. అసలు ఖర్చు ఇంతే. ఫ్లెక్సీలు, షీల్డులు వద్దు. మిగిలింది ఒక అమ్మాయి ఫీజుకో, బూట్లకో ఇవ్వండి. ఆసుపత్రికి ఇవ్వాలనుకుంటే, రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి జిల్లాల నుంచి పేదలు చాలామంది వస్తారు. పళ్లు, పూలు పట్టుకుని నేరుగా వార్డులోకి వెళ్లకండి, కీమోలో ఉన్నవాళ్లకు వాటివల్ల ఇన్ఫెక్షన్ ప్రమాదం. ఏం కావాలో ఆఫీసులో కనుక్కోండి, డబ్బయితే ఆసుపత్రి ఖాతాకే వేసి రసీదు తీసుకోండి. ట్రస్టు పెట్టాలన్న ఉత్సాహం మొదట్లో అందరికీ ఉంటుంది. రిజిస్ట్రేషన్, ఆడిట్ ఏటా చూసుకునే మనిషి దొరికేదాకా ఆగండి.

మ్యాచ్ అయిన వారంలో జమాఖర్చులు నోటీస్ బోర్డు మీద పెట్టండి. ఆ కాగితం కాపీ, వచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు, జ్ఞాపకాల పుస్తకం, ఎనిమిదో నంబర్ జెర్సీ అన్నీ ఒకే పెట్టెలో పెట్టి, ఇంకా చాలా ఏళ్లు ఆ స్కూల్లో ఉండే చిన్న వయసు టీచర్‌కి అప్పగించండి. వచ్చే ఏడాది గ్రౌండ్‌కి దరఖాస్తు కూడా అప్పుడే ఇచ్చేయండి.