బొమ్మ ఇటుకలతో కోట – మూడో పాఠం: లోపలి ప్రాకారం

గళ్ల కాగితం మీద పటం గీయడం, అడుగు పలకలు పరవడం కిందటి పాఠంలో అయిపోయాయి. ఇక గోడ.

మనం కడుతున్నది వేల్స్‌లోని బోమారిస్. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు కోసం 1295లో పని మొదలైంది, పూర్తి కాకుండానే ఆగిపోయింది. కొండ మీది కోట ఎందుకు ఎంచుకోలేదని కొందరు అడిగారు. కోనసీమలో పుట్టి, కొండలను బస్సు కిటికీలోంచి మాత్రమే చూసినవాణ్ని. బోమారిస్ అంటే పాత ఫ్రెంచిలో 'అందమైన చిత్తడి నేల'. చదునైన నేల, చుట్టూ నీళ్లు: లంకల్లో ఉండేవాళ్లకు ఇంతకన్నా చెప్పాలా?

ముందు కొలతలు. బొమ్మ మనిషి ఎత్తు దాదాపు 4 సెంటీమీటర్లు. అసలు మనిషిని 170 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ లెక్కన అసలు కోటలో సుమారు 11 మీటర్లున్న లోపలి ప్రాకారం మన బల్ల మీద 26 సెంటీమీటర్లు అవుతుంది. ఒక ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, అంటే 27 వరుసలు. బయటి ప్రాకారం దీనికన్నా పొట్టిగా ఉండాలి. లోపలి గోడ మీది విలుకాళ్లు దాని మీదుగా బాణాలు వేయాలి కదా.

అడుగు పలక పొడవున 32 బొడిపెలు, అంటే ఇటుకలు బిగుసుకునే చిన్న గుబ్బలు, ఉంటాయి. మొదటి వరుసకు నాలుగు బొడిపెల పొడవు, రెండు బొడిపెల వెడల్పు ఉన్న ఇటుకలు ఎనిమిది సరిపోతాయి. రెండో వరుసను మాత్రం రెండు బొడిపెల చదరపు ఇటుకతో మొదలుపెట్టి, ఏడు పెద్దవి పేర్చి, మళ్లీ చదరపుదానితో ముగించండి. జాయింటు మీద జాయింటు రాకూడదని ఏ తాపీ మేస్త్రి అయినా చెబుతాడు, ఇక్కడా అదే సూత్రం. ఇలా ఒకటి విడిచి ఒకటి 27 వరుసలు పేరిస్తే ముఖం ఒక్కదానికే 200 పైచిలుకు పెద్ద ఇటుకలు పడతాయి.

అసలు గోడ మందం మన లెక్కలో 14 బొడిపెలు వస్తుంది. అంతా ఇటుకలతో నింపితే జేబు ఖాళీ. ఆ కాలపు మేస్త్రులు రెండు ముఖాలు కట్టి మధ్యలో రాళ్లూ సున్నమూ కూరేవారు. మనం మధ్యలో గాలిని వదిలేద్దాం. ఎనిమిది బొడిపెలకొకచోట అడ్డగోడ వేసి, దాని ఇటుకలను వరుస విడిచి వరుస రెండు ముఖాల్లోకీ చొప్పించండి.

ప్రతి వరుసనూ అరచేత్తో గట్టిగా నొక్కాలి. తర్వాత గదిలో దీపం ఆర్పి, గోడ వెనక ఫోను టార్చి పెట్టండి. సన్నని వెలుగు గీత కనిపిస్తే అక్కడ ఇటుక పూర్తిగా కూర్చోలేదన్నమాట. వెంటనే సరిచేయండి, పైన పది వరుసలు పడ్డాక అది చేతికి అందదు.

నేను మొదటి కోటను ఒకే ముక్కగా కట్టాను. వరద హెచ్చరిక వచ్చిన రాత్రి మేడ మీదికి ఎక్కిద్దామంటే గుమ్మంలో పట్టలేదు. పక్కకు వంచగానే ఉత్తరపు గోడ ఊడి మెట్ల మీద రాలింది. తెల్లారేదాకా బ్యాటరీ లైటుతో ఏరాను. అందుకే ఇప్పుడు అడుగు పలకకొక ముక్క. ముక్క చివర్లలో రంధ్రాలున్న ఇటుకలు రెండేసి పెట్టి, పక్క ముక్కకు పిన్నులతో తగిలించండి.

వచ్చే పాఠానికి ఇలాంటి ముక్కలు రెండు సిద్ధం చేసుకోండి. మూలలు ఖాళీగా వదలండి, అక్కడ గుండ్రటి బురుజులు లేస్తాయి.