ఇంజిన్ విప్పి బిగించాక క్లచ్ సెట్టింగ్: ముందు వదులు, తర్వాతే బిగువు

పోయిన వానాకాలం మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, బండి రేస్ అయితుంది గానీ గుంజుతలేదు" అన్నాడు.

"లివర్‌కు ప్లే ఎంతుందిరా?" అనడిగాను. ప్లే అంటే క్లచ్ లివర్ పట్టగానే, బరువు తగలకముందు అది ఉత్తిగా ఆడే వదులు.

"ప్లే అసలే లేదు మామా, మస్తు టైట్‌గా పెట్టిన" అన్నాడు గొప్పగా.

ఇక బండి చూడాల్సిన పనే లేకపోయింది. మూడేళ్ల కింద నా బండి మీద అదే తప్పు నేనూ చేశాను.

బండి 2011లో వచ్చిన హీరో ఇంపల్స్, 150 సీసీ. నర్సంపేట అవతల మా మిర్చి చేనుకు పోయే బాట ఎండాకాలం ఎర్రదుమ్ము, వానాకాలం మోకాటి లోతు బురద. ఆ బాటకు ఇంతకంటే మంచి బండి నాకు దొరకలేదు. పొగ మొదలైతే ఇంజిన్ దింపించి, బోర్ కొట్టించి, కొత్త పిస్టన్, రింగులు వేయించాను. పనిలో పనిగా క్లచ్ ప్లేట్లు కూడా కొత్తవి తెచ్చి, వాటిని మాత్రం నేనే ఎక్కించాను. లివర్ పట్టుకుంటే వదులుగా అనిపించింది. కొత్త ప్లేట్లు కదా, గట్టిగా పట్టుకోవాలి అనుకుని కేబుల్ గుంజి బిగించేశాను. 60 కిలోమీటర్లు తిరగకముందే చెరువు కట్ట ఎక్కుతుంటే మాడిన వాసన వచ్చింది. విప్పి చూస్తే క్లచ్ ప్లేట్ల నడుమ ఉండే ఇనుప ప్లేట్లు నీలం రంగుకు తిరిగి ఉన్నాయి. ఆయిల్ డబ్బాలో పడుతుంటే గంజి మాడినట్టు కంపు.

తప్పంతా "టైట్" అనే మాట దగ్గర ఉంది. క్లచ్ ప్లేట్లను అదిమి పట్టేది లోపలి స్ప్రింగులు. కేబుల్ చేసే పని దానికి ఉల్టా, అది ఆ స్ప్రింగులను వెనక్కి నెట్టి ప్లేట్లను విడదీస్తుంది. అంటే కేబుల్ ఎప్పుడూ గుంజుకుని ఉంటే మనం లివర్ మీద సగం చెయ్యి వేసి బండి నడుపుతున్నట్టే. ప్లేట్లు అరిగిన కొద్దీ లివర్ దగ్గరి వదులు ఇంకా తగ్గుతుంది. కాబట్టి మొదటి రోజే ప్లే లేకుండా పెడితే నాలుగు రోజులకు క్లచ్ జారక తప్పదు. కొత్త ప్లేట్లు మందంగా ఉంటాయి కాబట్టి పాత సెట్టింగ్ మీద లివర్ వదులుగా తగలడం మామూలే. దాన్ని చూసి కంగారుపడి చేసిన పనే నాది.

కవర్ మూయకముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త క్లచ్ ప్లేట్లను పొడిగా ఎక్కించొద్దు. బండిలో పోసే ఇంజిన్ ఆయిల్‌లోనే రాత్రంతా నానబెట్టండి. నేను మా ఇంటి పాత స్టీలు టిఫిన్ డబ్బా వాడాను, ఇంట్లో దాని గురించి ఇప్పటికీ వింటున్నాను. ఇనుప ప్లేట్లను ఒక్కొక్కటి అద్దం ముక్క మీద పెట్టి వేలితో అంచు నొక్కండి. లటలట ఆడితే వంకరపోయినట్టే, మార్చాలి. ప్లేట్లు కూర్చునే గిన్నె, అదే క్లచ్ హౌసింగ్, దాని పళ్ల మీద గోరు నడిపి చూడండి. ప్లేట్లు కొట్టుకుని పడిన గంట్లు గోటికి తగిలితే, మీరు కేబుల్ ఎంత సవరించినా న్యూట్రల్ సరిగ్గా దొరకదు. స్ప్రింగు బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా బిగించకుండా, ఎదురెదురువి పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పుతూ రావాలి. అవి చిన్న బోల్టులు, పెద్ద పానా పెట్టి బలం చూపిస్తే తెగుతాయి. ఇంకొకటి, లివర్ గుంజినప్పుడు ప్లేటును నెట్టే చిన్న రాడ్ ముక్క కవర్ మూసేటప్పుడు జారి పడిపోతుంటుంది. అది లేకుండా కవర్ బిగిస్తే లివర్‌లో ప్రాణం ఉండదు. మా ట్రేలో, పాత ప్యాకింగు ముక్కల కింద, అరగంట వెతికితే దొరికింది.

ఆయిల్ విషయంలో నాకు మొండితనం ఎక్కువ. ఈ బండ్లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ (ఇలా ఆయిల్‌లో తిరిగే క్లచ్‌కు పనికొస్తుందని గుర్తు) అని ఉందో లేదో చూసి కొనండి, మా బండికి 10డబ్ల్యూ-30 చిక్కదనం ఉన్నది పోస్తాను. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోస్తే, అందులో రాపిడి తగ్గించే మందులు ఉండొచ్చు. కారుకు మంచివే, మన ప్లేట్లకు మాత్రం జారుడుబండ.

ఇప్పుడు కేబుల్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయండి. ముందు కేబుల్ దారి చూడాలి. ఇంజిన్ దింపి ఎక్కించినప్పుడు కేబుల్ ఫ్రేముకు అటువైపు పోవాల్సింది ఇటువైపు పోతుంది, లేదా ట్యాంకు కింద నలుగుతుంది. కేబుల్ తీగ చివర ఒక్క పోగు తెగి ఉన్నా కొత్తది వేయండి, దాని మీద సెట్టింగ్ నిలవదు.

హ్యాండిల్ దగ్గర లివర్ మీదున్న అడ్జస్టర్‌ను పూర్తిగా లోపలికి తిప్పేయండి, తర్వాత రెండు చుట్లు బయటికి. ఇది తర్వాత చిన్న సవరింపులకు దాచుకునే జాగా. అసలు పని కింద, ఇంజిన్ వైపు చివర ఉంటుంది. అక్కడ బ్రాకెట్‌కు రెండు వైపులా నట్లు ఉంటాయి. ఒకటి వదిలి ఇంకొకటి తిప్పుతూ, కేబుల్ గుంజే, ఇంజిన్ మీది చిన్న ఆర్మ్‌ను వేలితో ఆడిస్తూ ఉండండి. ఆర్మ్ కొంచెం ఉత్తిగా కదిలి, తర్వాత లోపల ఏదో అడ్డం తగిలినట్టు ఆగాలి. ఆ ఉత్తి కదలికే ప్లే. అది అందగానే రెండు నట్లూ బిగించి పైకి రండి.

పైన లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఏ బరువూ తగలకుండా ఆడాలి, ఆ తర్వాతే స్ప్రింగుల బరువు చేతికి రావాలి. మొదట్లో స్కేలు పెట్టి కొలిచేవాణ్ణి. ఇప్పుడు లివర్ మొదలు దగ్గర, బ్రాకెట్‌కు లివర్‌కు నడుమ రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పట్టేంత సందు చూసుకుంటాను, లెక్క దగ్గరగానే కుదురుతుంది. అడ్జస్టర్ లోపలికి తిప్పితే ప్లే పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. చివర్లో అడ్జస్టర్ మీది గాడి, లివర్ మీది గాడి ఒకే వరసలో లేకుండా చూడండి. ఉంటే వాననీళ్లు, బురద నేరుగా కేబుల్‌లోకి దిగుతాయి. ఇప్పుడు హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పి రెండుసార్లూ ప్లే చూడండి. ఒక పక్క తిప్పితే మాయమైపోతే కేబుల్ ఎక్కడో పట్టేస్తున్నట్టే, మళ్లీ దారి సరిచేయాలి.

బండికి సెంటర్ స్టాండ్ లేదు కాబట్టి ఇంజిన్ గార్డు కింద ఇటుకలు, వాటి మీద చెక్క పెట్టి వెనక చక్రం లేపాను. పక్కన ఒక మనిషి పట్టుకోవాలి, ఒంటరిగా వద్దు. స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా పట్టి ఫస్ట్ గేర్ వేస్తే చక్రం మెల్లగా తిరగొచ్చు. చల్లని ఆయిల్ జిగటకు అది మామూలే. వెనక బ్రేక్ మెల్లగా నొక్కితే ఇంజిన్ తడబడకుండా చక్రం ఆగిపోవాలి. ఇంజిన్ గుంజుకుపోయి ఆగితే క్లచ్ పూర్తిగా విడటం లేదు. ప్లే ఎక్కువైందేమో ముందు చూడండి. అది సరిగ్గానే ఉంటే ప్లేట్ల వంకర, హౌసింగ్ గంట్లు.

తర్వాత రోడ్డు మీద. ఇంజిన్ వేడెక్కాక మూడో గేరులో మెల్లగా పోతూ, చిన్న ఎత్తు మీద ఎక్స్‌లేటర్ తెరవండి. చప్పుడు ముందు పరుగెత్తి బండి వెనకపడితే జారుతున్నట్టే. ప్లే ఉండి కూడా జారితే ఆయిల్, స్ప్రింగులు, ప్లేట్లు, ఈ వరసలో అనుమానించండి. కొత్త ఇంజిన్ కదా, ఫుల్ రేస్ ఇచ్చి పరీక్ష పెట్టొద్దు. మేం పాకాల దారిలో చూస్తాం. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిన చెరువు అది. చుట్టూ అభయారణ్యం కాబట్టి తారు రోడ్డు దాటి అడవిలోకి బండి దించకండి.

మేనల్లుడి బండి ఆ ఆదివారమే విప్పాం. వాడు 20 కిలోమీటర్లకే ఫోన్ చేశాడు కాబట్టి ప్లేట్లు బతికాయి. ఆయిల్ మాత్రం మార్చి, జల్లెడను డీజిల్‌తో కడిగి పెట్టాం. వాడి చేతే లివర్ సందులో బిళ్లలు పెట్టించాను. లాక్ నట్ల మీద మా ఆవిడ గోళ్ల రంగుతో గీత గీశాం, నట్టు కదిలితే గీత విరిగి కనిపిస్తుంది. 50 కిలోమీటర్లకు ఒకసారి, 200 దగ్గర ఇంకోసారి ప్లే చూడమన్నాను. 50 దగ్గర సందులో ఒక్క బిళ్లే పట్టిందట. పైన అడ్జస్టర్ అర చుట్టు లోపలికి తిప్పితే సరిపోయింది.