మాట లోపలి ఇంగ్లీషు – 7వ పాఠం: ‘ఛార్జ్’ మీద మళ్లీ

ఈ వారం ‘బోర్డ్’ అనే మాట మొదలుపెట్టాలి. కానీ కిందటి పాఠానికి మీరు రాసి పంపిన వాక్యాలు చూశాక ‘ఛార్జ్’ని ఇలా వదిలేసి ముందుకు పోబుద్ధి కాలేదు. బొబ్బిలి, రాజాం, టెక్కలి, పలాస, ఎక్కడి నుంచి రాసినవాళ్లయినా ఎక్కువమంది ఒకే వాక్యం రాశారు: ‘ద పోలీస్ ఛార్జ్‌డ్ హిమ్ ఫర్ థెఫ్ట్.’ దొంగతనం కేసు పెట్టారని మీ ఉద్దేశం. అక్షరాలా చదివితే, దొంగతనానికి ఇంత అని రేటు కట్టి పోలీసులు అతని దగ్గర డబ్బు పుచ్చుకున్నట్టు ఉంది.

అక్కడ ‘ఫర్’ కాదు, ‘విత్’ రావాలి. ఎందుకో తెలియాలంటే మళ్లీ ఈ మాట పుట్టిన బండి దగ్గరికి వెళ్లాలి. ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతంలో ఒకప్పుడుండిన గాల్ జాతివాళ్లు తమ బండిని పిలుచుకునే మాటను రోమన్లు ‘కర్రుస్’ అని లాటిన్‌లోకి తీసుకున్నారు. (మన నాగలి కర్రుకీ దీనికీ చుట్టరికం లేదు. అడిగినవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను.) దాని నుంచి బండికి సరుకెత్తడం అనే అర్థంలో ‘కర్రికారే’ పుట్టింది. అదే పాత ఫ్రెంచిలో ‘ఛార్జియే’ అయింది. 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడికి చేరిన ఫ్రెంచి మాటల గుంపులో ఇదీ ఒకటి. కాబట్టి ‘ఛార్జ్’ అంటే అడుగున ఉన్నది బరువెత్తడమే.

ఇప్పుడు నాటుబండి మీద ధాన్యం బస్తాలు వేస్తున్నారనుకోండి. ఇంగ్లీషులో ‘లోడ్ ద కార్ట్ విత్ శాక్స్’ అంటారు. బండిని బస్తాలతో నింపుతారు. మనిషి మీద నేరం పెట్టినా ఇంగ్లీషువాడి లెక్కలో అదే పని: మనిషి బండి, నేరం బస్తా. అందుకే ‘ఛార్జ్‌డ్ హిమ్ విత్ థెఫ్ట్’. మనమూ నేరం ‘మోపుతాం’ కదా. గడ్డిమోపులోని మోపు అదే. ‘ఫర్’ వచ్చిందంటే మాత్రం అది డబ్బు సంగతి: ‘హీ ఛార్జ్‌డ్ మీ ఫిఫ్టీ రూపీస్ ఫర్ ద కొబ్బరిబోండాం.’

నా పద్ధతి ఒకటే. ‘ఛార్జ్’ కనబడగానే దాని అర్థం వెతకను, దాని తర్వాత వచ్చే చిన్నమాట చూస్తాను. మనకు విభక్తులు ఎలాగో ఇంగ్లీషుకు ఇవి అలాగ. నిఘంటువులో వరసగా ఇచ్చిన అర్థాలన్నీ బట్టీ పట్టినవాళ్లు పరీక్ష హాల్లో ఏది వాడాలో తేలక టెన్షన్ పడతారు, వాక్యం దగ్గర తడబడతారు. ‘విత్’ అంటే మోపడం, ‘ఫర్’ అంటే సొమ్ము అని పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అయితే మోపేది ప్రతిసారీ నేరమే కానక్కర్లేదు. ‘ద కమిటీ వాజ్ ఛార్జ్‌డ్ విత్ ఫైండింగ్ ఎ సైట్ ఫర్ ద హాస్పిటల్’ అంటే కమిటీ మీద కేసు కాదు, ఆసుపత్రికి స్థలం వెతికే పని దానికి అప్పగించారు.

ఫోన్ ఛార్జింగ్ గురించి చెప్పక్కర్లేదు, మీకు తెలుసు. ఆ అర్థం ఎక్కడిదో మాత్రం సరదాగా ఉంటుంది. తుపాకీలో ఒక్క దెబ్బకు కూరే మందును ‘ఛార్జ్’ అనేవారు. 1740లలో గాజుజాడీల్లో విద్యుత్తు నింపి పరీక్షలు చేసినవాళ్లు ఆ మాటనే తమ జాడీలకూ వాడుకున్నారు. అలాంటి జాడీల వరసకు ‘బ్యాటరీ’ అని పేరు పెట్టినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. అదీ ఫిరంగుల వరసకున్న పేరే. మీ జేబులో ఉన్నది మాటల లెక్కలో మందుగుండు సామానే అన్నమాట.

ఇక నాకు చిరాకు తెప్పించే చోటికి వద్దాం. ‘ఇన్‌ఛార్జి’. కలెక్టరు సెలవు మీద వెళితే జాయింట్ కలెక్టరును ‘ఇన్‌ఛార్జి కలెక్టర్’ అని పేపర్లు రాస్తాయి. దాంతో మన చెవికి ఇన్‌ఛార్జి అంటే తాత్కాలికం, అసలువాడు వచ్చేదాకా కుర్చీ కాచేవాడు అనే అర్థం పడిపోయింది. ఇంగ్లీషులో సరిగ్గా తలకిందులు. ‘హూ ఈజ్ ఇన్ ఛార్జ్ హియర్?’ అని ఎవరైనా గద్దించి అడిగితే, ఇక్కడ పెత్తనం ఎవరిది, జవాబు చెప్పాల్సినవాడు ఎవడు అని. తాత్కాలికానికి వాళ్ల మాట ‘యాక్టింగ్’. మన ఆఫీసుల్లో ‘ఎఫ్‌ఏసీ మీద ఉన్నారు’ అంటామే, అది ‘ఫుల్ అడిషనల్ ఛార్జ్’. అక్కడ ‘ఛార్జ్’ అసలైన అర్థంలోనే ఉంది: తన పనికి తోడు ఇంకో కుర్చీ బరువు. రెండోది, ‘హీ ఈజ్ ద ఇన్‌ఛార్జ్’ అని మనిషికి పేరుగా పెట్టడం. ఇది మన దేశంలో చెల్లుతుంది. బయటివాళ్లకు రాసే ఉత్తరంలో ‘హీ ఈజ్ ఇన్ ఛార్జ్’ అని విడదీసి రాయండి.

అంతకన్నా పెద్ద గుంట ‘ద’ దగ్గర ఉంది. చీపురుపల్లి నుంచి ఒకరు పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వస్తూ ఆవును బాబాయికి అప్పగించారట. ఆ ముచ్చట చక్కగా రాసి చివర ‘ద కౌ ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ మై అంకుల్’ అన్నారు. అంటే ఆవే బాబాయిని చూసుకుంటోంది! ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అంటే ముందున్నది పెత్తందారు. ‘ఇన్ ద ఛార్జ్ ఆఫ్’ అంటే ముందున్నది పెత్తనం కింద ఉన్నది. ఒక్క ‘ద’ తేడాతో ఆవు, బాబాయి తారుమారు. ‘ద నర్స్ ఈజ్ ఇన్ ఛార్జ్ ఆఫ్ ద వార్డ్’, ‘ద వార్డ్ ఈజ్ ఇన్ ద ఛార్జ్ ఆఫ్ ద నర్స్’. రెండూ పైకి చదివి చూడండి. నేనైతే రెండోదాని జోలికే పోను. ‘ద కౌ ఈజ్ ఇన్ మై అంకుల్స్ ఛార్జ్’ అంటాను. ‘ద’ అక్కర్లేదు, ఆవు ఆవుగానే ఉంటుంది.

చుట్టాల సంగతి క్లుప్తంగా. కార్, క్యారీ, కెరీర్, స్పానిష్ దారిలో వచ్చిన కార్గో, ఇటాలియన్ నుంచి వచ్చిన క్యారికేచర్, అన్నీ ఆ బండి సంతానమే. పలాస జీడిపప్పు పార్సిల్ ఆర్టీసీ కార్గోలో వేసినా, మనిషి ముక్కును మోతాదుకు మించి పెంచి బొమ్మ గీసినా అడుగున ఉన్నది ఆ ఎత్తుడే. చూడగానే సొంత తమ్ముడనిపించే ‘కార్ట్’ మాత్రం ఈ ఇంటివాడు కాదు, పాత స్కాండినేవియా భాష నుంచి వచ్చాడు.

మరొకటి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో బాప్తిస్మమిచ్చే యోహాను తలను ‘ఛార్జర్’లో పెట్టి ఇమ్మని అడుగుతుంది హేరోదియ కూతురు. కంగారు పడకండి, పాత ఇంగ్లీషు వాడుకలో ఛార్జర్ అంటే పెద్ద పళ్లెం.

ఇక అభ్యాసం. రేపటి పేపర్లో జిల్లా పేజీలు తీయండి. ఛార్జీలు, ఛార్జిషీటు, లాఠీఛార్జి, ఇన్‌ఛార్జి, డిశ్చార్జి, ఎక్కడ కనబడితే అక్కడ గీత గీయండి. ఆ వాక్యాలను ఇంగ్లీషులో రాయాలి, ‘ఛార్జ్’ అనే మాట ఒక్కసారి కూడా రాకుండా. ఆర్టీసీ కాంప్లెక్సులో (బస్టాండులో) మనం కట్టే బస్సు ఛార్జీకి ఇంగ్లీషులో ‘ఫేర్’ అంటారని మీకు తెలిసే ఉంటుంది. ఛార్జిషీటు దగ్గర జాగ్రత్త: దాన్ని వేసేది పోలీసులు, దాన్ని చూసి అభియోగాలు ఖరారు చేసేది కోర్టు. ఆ రెండు పనులకూ ఒకే క్రియ వాడితే మార్కులు పోతాయి. లాఠీఛార్జికి మాత్రం మినహాయింపు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ‘ఛార్జ్’తోనే రాసుకోండి.