పట్టేసిన భుజాన్ని ఇంట్లో వదులు చేసుకోవడం ఎలా?

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా "రెక్క లేస్తలేదు" అనే ఒక్క మాట కింద పది జబ్బులు దాక్కుంటాయి. ముందు అవి విడదీయాలి. ఇంట్లో ఒకరితో మెల్లగా మీ చెయ్యి లేపించండి. వాళ్లు లేపితే లేచి, మీ అంతట మీరు లేపలేకపోతే కండరం తెగి ఉండొచ్చు. ఎవరు లేపినా ఒకచోట అడ్డం తగిలినట్టు ఆగితే అది ఫ్రోజెన్ షోల్డర్, అంటే పట్టేసిన భుజం కావచ్చు. ఎక్స్‌రే తీయించి, డాక్టరు అవునన్నాకే కింది పని మొదలుపెట్టాలి. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ మర్రిగూడ వైపు వాళ్లకు మెడ, నడుము కూడా బిగుసుకుంటే బోరు నీళ్ల ఫ్లోరైడ్ సంగతి డాక్టరుకు చెప్పాలి. అది వేరే లెక్క.

భుజం కీలు సాసర్‌లో పెట్టిన బత్తాయి లాంటిది. గుండు పెద్దది, గుంట లోతు తక్కువ. అది జారకుండా చుట్టూ ఒక సంచి, దాని మీద నాలుగు చిన్న కండరాల పట్టు ఉంటాయి. ఈ జబ్బులో సంచి మందమై ముడుచుకుంటుంది. 40–60 ఏళ్ల వాళ్లలో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ.

కావలసినవి మాపు కర్ర, తువ్వాల, నడుమెత్తు బల్ల. వేడినీళ్ల స్నానం అయ్యాక చేస్తే మంచిది.

మొదట బల్ల మీద మంచి చెయ్యి ఆనించి ముందుకు వంగి, నొప్పి చెయ్యి వేలాడేయండి. నడుము ఊపితే చెయ్యి దానంతటదే ఊగాలి, చేదబావిలో బొక్కెన ఊగినట్టు. రెండు నిమిషాలు చాలు.

ఇప్పుడు అసలు పని. ఈ జబ్బులో ముందు పోయేది చెయ్యి బయటికి తిరగడం. జనమేమో పైకి లేపడం మీదే పడతారు. చాప మీద వెల్లకిలా పడుకోండి. పరుపు పనికిరాదు, భుజం కుంగుతుంది. మోచెయ్యిని పక్కటెముకలకు ఆనించి, ముంజెయ్యి పైకి చూసేలా మడవండి. మోచేతికీ పక్కటెముకలకూ మధ్యలో మడత తువ్వాల పెట్టండి. కర్రను రెండు చేతులా పట్టుకుని, మంచి చేత్తో నెడుతూ నొప్పి చేతిని బయటికి తిప్పండి. బిగువు తగిలిన చోట ఆపి 20 లెక్కపెట్టి, మెల్లగా వదలండి. ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు.

తువ్వాల కింద పడిందా, ఆ సారి లెక్కలోకి రాదు. మోచెయ్యి పక్కకు జారితే చెయ్యి బయటికి పోయినట్టే కనిపిస్తుంది గానీ కీలులో తిరుగుడు ఉండదు. మణికట్టు వంచినా, ఒళ్లు తిప్పినా అంతే. గుంజినట్టుంటే సరే, పొడిచినట్టుంటే వెంటనే ఆపాలి. నొప్పి అరగంటలో దిగాలి. రాత్రి నిద్ర చెడితే మరునాడు సగమే చేయాలి. రెక్క పట్టుకుని గుంజి "కటక్" మనిపించే వాళ్ల దగ్గరికి వెళ్లొద్దు. బలవంతంగా గుంజితే సంచి చిరగొచ్చు, పెళుసు ఎముకైతే విరగొచ్చు.

చివరగా గోడ మీద వేళ్లతో పైకి పాకడం, పదిసార్లు. భుజం చెవి వైపు లేస్తే అక్కడే ఆపాలి. వారానికోసారి పెన్సిల్ గీత పెట్టండి. రోజూ కొలిస్తే విసుగే మిగులుతుంది.

షుగర్ ఉన్నవాళ్లు కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే కొన్ని రోజులు షుగర్ పెరగొచ్చు, రోజూ చూసుకోవాలి. వీపు వెనక తువ్వాల గుంజడం మొదటి నెలలో వద్దు. జడ వేసుకోవడం, వెనక జేబులో చెయ్యి పెట్టడం ఎలాగూ ఆలస్యంగానే వస్తాయి.