ఫ్లోరెస్ పల్లెలో స్థిరపడేముందు, భూమికి డబ్బు కట్టేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ ద్వీపానికి భూమి చూడడానికి వెళ్లేవారిలో చాలామంది జూలై, ఆగస్టు నెలల్లోనే వెళతారు. అప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మట్టిదారులు గట్టిపడి ఉంటాయి, అమ్మేవారు కూడా ఆ నెలల్లోనే రమ్మంటారు. అయితే ఆ ద్వీపం పశ్చిమ భాగమైన మాంగరాయ్ కొండల్లో నవంబరు చివర మొదలయ్యే వర్షాలు ఏప్రిల్ దాకా సాగుతాయి కాబట్టి, జనవరిలో ఒక్క వారమైనా ఆ పల్లెలో ఉండి చూడకుండా బయానా ఇవ్వవద్దని నా మొదటి మనవి. ఒక ఏటవాలు స్థలాన్ని నేను ఆగస్టులో చూసినప్పుడు అది పసుపు గడ్డితో, అక్కడక్కడా గుండ్రటి గులకరాళ్లతో ముచ్చటగా కనిపించింది. అదే స్థలంలో జనవరిలో మోకాటి లోతున ఎర్రనీళ్లు పారుతుంటే, ఆ గులకరాళ్లు అక్కడికి ఎలా వచ్చాయో అప్పుడు అర్థమైంది. అమ్మదలచిన ఆయన సొంత ఇల్లు మాత్రం ఇరవై అడుగుల పైన గట్టు మీద ఉంది. స్థలం చూసేటప్పుడు ఊరివాళ్లు తరతరాలుగా ఎక్కడ ఇళ్లు కట్టుకోలేదో గమనించండి. కొండచరియల గురించీ వాగుల గురించీ అంతకన్నా నమ్మకమైన సమాచారం దొరకదు.

లబువాన్ బాజో నుంచి తూర్పున లరంతుకా దాకా ద్వీపం పొడవునా సాగే ట్రాన్స్ ఫ్లోరెస్ రోడ్డు మీద కూడా వానాకాలంలో కొండచరియలు విరిగిపడి రాకపోకలు ఆగిపోతుంటాయి. దాని నుంచి లోపలికి చీలిన పల్లెదారుల సంగతి ఇక చెప్పనవసరం లేదు. అందువల్ల నవంబరు రాకముందే కనీసం మూడు వారాలకు సరిపడా బియ్యం, పప్పు, వంటచెరకు, బ్యాటరీలు, క్రమం తప్పకుండా వాడే మందులు ఇంట్లో ఉంచుకోవాలి. మధుమేహానికీ రక్తపోటుకూ మందులు వాడేవారు మూడు నెలల మందులతో పాటు వైద్యుని చీటీని కూడా దగ్గర పెట్టుకోవడం మంచిది. 2021 ఏప్రిల్‌లో సెరోజా తుపాను ఫ్లోరెస్ ఉన్న నూసా తెంగారా తిమూర్ రాష్ట్రాన్ని ముంచెత్తినప్పుడు అదొనారా, లెంబాతా ద్వీపాల్లో వరదకూ కొండచరియలకూ ఊళ్లు కొట్టుకుపోయాయి. ఏప్రిల్ వచ్చింది కదా, వానలు వెనకబట్టాయి కదా అని నిశ్చింతగా ఉండడం తగదు. వాతావరణ శాఖ అయిన బి.ఎమ్.కె.జి. హెచ్చరికలు ఫోనులో వచ్చేలా చూసుకోండి, కానీ సిగ్నల్ పోయే రోజులు కూడా ఉంటాయి కనుక చర్చి గంట మోగినా ఊరిపెద్ద కబురు పంపినా ఆలోచించకుండా కదలాలి.

వాన కన్నా నన్ను ఎక్కువగా భయపెట్టేది అక్కడి కుక్కకాటు. ఫ్లోరెస్‌లో 1997 వరకు రేబిస్ లేదు. బయటి ద్వీపం నుంచి పడవలో వచ్చిన కుక్కలతో ఆ ఏడాది అది లరంతుకాలో అడుగుపెట్టి, తరువాత ద్వీపమంతటా వ్యాపించింది, నేటికీ పోలేదు. కాపలాకూ వేటకూ ప్రతి ఇంట్లో కుక్క ఉండే పల్లెలవి. టీకా మండల స్థాయి ఆరోగ్య కేంద్రమైన పుస్కెస్మాస్‌లో ఉండవలసినదే అయినా నిల్వ అయిపోయే సందర్భాలు ఉంటాయి. కాబట్టి బయలుదేరే ముందే హైదరాబాదులోనో విజయవాడలోనో, లేదా మీరు సింగపూర్ వంటి చోట ఉంటే అక్కడైనా ముందస్తు రేబిస్ టీకాలు వేయించుకోండి. పిల్లలను తీసుకువెళ్లేవారు దీన్ని ఎంతమాత్రం వాయిదా వేయకూడదు. కుక్క కరిచినా గీరినా, గాయం ఎంత చిన్నదైనా, సబ్బుతో ధారగా పారే నీటి కింద పదిహేను నిమిషాల పాటు కడగాలి. తరువాత అదే రోజు వైద్యుని చూడాలి. ముందస్తు టీకా వేయించుకున్నవారు కూడా కాటు తరువాతి మోతాదులు తప్పక తీసుకోవాలి. పసుపు పూయడం, కాఫీ పొడి అద్దడం వంటి వాటితో ఆ సమయాన్ని పోగొట్టుకోవద్దు. దోమతెర, డెంగీ, మలేరియా జాగ్రత్తలు మనవాళ్లకు కొత్త కావు కనుక విస్తరించను.

సముద్రం పక్కన స్థలం కోరుకునేవారు 1992 డిసెంబరు 12ను గుర్తుంచుకోవాలి. ఆనాటి భూకంపం తరువాత కొద్ది నిమిషాల్లోనే సునామీ అలలు మౌమెరె ప్రాంత తీరాన్ని తాకాయి, రెండు వేల మందికి పైగా మరణించారు. భూమి గట్టిగా, ఎక్కువసేపు కంపిస్తే సైరన్ కోసం ఎదురుచూడకుండా మెట్టకు పరుగెత్తాలి. ఆ మెట్టదారి రాత్రిపూట నడవదగినదేనా అన్నది స్థలం చూసిన రోజే నడిచి తెలుసుకోవాలి. ద్వీపం తూర్పు భాగంలోని లెవొతోబి లాకిలాకి అగ్నిపర్వతం 2024 నవంబరులో పేలినప్పుడు కూడా ప్రాణనష్టం జరిగింది. ఇల్లు కట్టుకుంటే స్తంభాలూ దూలాలూ లేని బరువైన ఇటుక గోడల కన్నా, కట్టుబిగువు ఉన్న చెక్క నిర్మాణమూ తేలికైన పైకప్పూ ప్రాణాలకు మేలు.

ఇక భూమి పత్రాల విషయం. మనవాళ్లు ఎక్కువగా నష్టపోయే అవకాశం ఉన్నది ఇక్కడే. ఇండోనేషియా 1960 నాటి వ్యవసాయ మూల చట్టం ప్రకారం సంపూర్ణ హక్కు, అంటే హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే చెందుతుంది. దీన్ని తప్పించుకోవడానికి స్థానికుని పేరు మీద కొని, వెనుక ఒక ఒప్పందం రాయించుకోమని సలహా ఇచ్చేవారు కనిపిస్తారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉన్నచోట బినామీ పేర్లతో గిరిజన భూములు కొన్నవారి గతి తెలిసిన తెలుగువారికి దీన్ని వేరే చెప్పనవసరం లేదు. అక్కడి చట్టంలోని 26వ నిబంధన ఇంకా కఠినమైనది: విదేశీయునికి నేరుగా గాని పరోక్షంగా గాని హక్కు బదలాయించే లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వపరమవుతుంది, కట్టిన సొమ్మును తిరిగి అడిగే వీలు లేదు. మంచి మనిషి, నమ్మకస్తుడు అని ఎంత అనుకున్నా, ఆయన తరువాత ఆయన వారసులతో మీకు ఏ బంధమూ ఉండదు.

చట్టబద్ధమైన దారులు లేకపోలేదు. నివాసానుమతి ఉన్న విదేశీయునికి హక్ పకాయ్ అనే వినియోగ హక్కు లభిస్తుంది. 2021 నిబంధనల ప్రకారం అది మొదట 30 ఏళ్లు, ఆపై 20, మళ్లీ 30 ఏళ్లుగా సాగవచ్చు. విదేశీ పెట్టుబడి సంస్థను స్థాపించే మార్గానికి భూమి, భవనాలు కాక 1000 కోట్ల ఇండోనేషియా రూపియాలకు మించిన పెట్టుబడి ప్రణాళిక కావాలి కనుక, నాలుగు గదుల అతిథిగృహమో రెండెకరాల కాఫీ తోటో అనుకునేవారికి అది అందేది కాదు. అటువంటివారికి రిజిస్టరు చేసిన కౌలు ఒప్పందమే సరైనదని నా అభిప్రాయం. ఒప్పందం ఇండోనేషియా భాషలో ఉండి తీరాలి. ఇంగ్లీషు ప్రతి మాత్రమే రాసుకున్న ఒప్పందాలను అక్కడి న్యాయస్థానాలు కొట్టివేసిన సందర్భాలు ఉన్నాయి. అమ్మేవారు చూపే ఇంటిపన్ను రసీదు గాని గిరిక్ అనే పాత శిస్తు కాగితం గాని హక్కు పత్రం కాదు. పి.పి.ఎ.టి. అనే అధీకృత దస్తావేజు అధికారి ద్వారా భూమి శాఖలో సర్టిఫికెట్‌ను సరిచూపించి, కొలత వేయించి, అది అటవీ పరిధిలో గాని తీరం నుంచి నూరు మీటర్ల రక్షణ పట్టీలో గాని లేదని రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అడవి హద్దును తేలికగా తీసుకోవద్దు. అటవీ భూమి పేరుతో కాఫీ తోటలు నరికించిన తరువాత, 2004 మార్చి 10న రూతెంగ్ పట్టణంలో నిరసనకు వచ్చిన మాంగరాయ్ రైతుల మీద పోలీసులు కాల్పులు జరపగా ప్రాణాలు పోయాయి.

అన్ని కాగితాలూ సరిగా ఉన్నా ఊరు ఒప్పుకోకపోతే ఆ భూమి మీది కాదు. మాంగరాయ్‌లో సాగుభూమి లింకో అనే ఉమ్మడి క్షేత్రాలుగా ఉండేది. నడుమనున్న లోదోక్ అనే కేంద్రం నుంచి సాలెగూడు పోగుల్లా గీతలు గీసి వాటాలు పంచేవారు. చంచార్ దగ్గర కొండెక్కితే ఆ ఆకారం ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పంపకం చూసేవాడు తువా తెనో, ఊరికి పెద్ద తువా గోలో. భూమి కోరి వచ్చినవారు కోడినీ కల్లునూ పట్టుకుని పెద్దల ముందు కూర్చుని అడగడం అక్కడి మర్యాద. దీన్ని లాంఛనంగా భావించి పట్నంలోనే సంతకాలు ముగించుకున్నవారికి, అన్న అమ్మాడు కానీ మేం అమ్మలేదంటూ తమ్ముళ్లూ పెదతండ్రి బిడ్డలూ ఎదురవుతారు. వారసులందరి సంతకాలూ, నాలుగు వైపుల పొరుగువారి ఒప్పుకోలూ తీసుకోండి. సాక్షిని వారూ సక్సి అనే అంటారు, పల్లెను దేసా అంటారు. సంస్కృతం నుంచి మనకు వచ్చినట్లే వారికీ వచ్చిన ఆ మాటలు పెద్దల ముందు కూర్చున్నప్పుడు కొంత ధైర్యాన్నిస్తాయి. ఊటనీటి వాడకం గురించి కూడా ఆ సభలోనే అడిగి రాయించుకోవాలి. జూన్ నుంచి అక్టోబరు వరకు ఊటలు సన్నగిల్లే కాలంలో మీ అతిథుల స్నానాల కోసం పొరుగింటి బిందె ఖాళీగా మిగిలితే, ఏ ఒప్పందమూ మిమ్మల్ని ఆ ఊళ్లో నిలబెట్టలేదు.

రాబడి లెక్కల్లో తొందర పనికిరాదు. మన కంద జాతికి చెందిన పోరాంగ్ దుంపకు కొన్నేళ్ల క్రితం విపరీతమైన ధర వచ్చినప్పుడు కాఫీ మొక్కల మధ్య కూడా దాన్ని నాటినవారు, 2021 తరువాత ధర కుప్పకూలడంతో తవ్విన కూలి కూడా రాబట్టుకోలేకపోయారు. వెనిల్లా ధర కూడా అలాగే ఎగసి పడింది. మొదటి ఏడాది ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని, కాఫీ కోతలు చూసి, దళారులు ముందుగానే బయానా ఇచ్చి పంట కట్టేసుకునే పద్ధతిని తెలుసుకున్న తరువాతే డబ్బు పెట్టండి.

మరొక జాగ్రత్త వీసాది. విమానాశ్రయంలో ఇచ్చే వీసా 30 రోజులది, ఒకసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. దాని మీద ఉండి సొంత అతిథిగృహంలో పని చేసినా తప్పే. గడువు దాటితే రోజుకు 10 లక్షల రూపియాల జరిమానా పడుతుంది, 60 రోజులు మించితే దేశం నుంచి పంపివేస్తారు. భారతదేశంలో నివసించేవారు ఒక ఆర్థిక సంవత్సరంలో మనిషికి 2,50,000 డాలర్ల పరిమితిలో, బ్యాంకు ద్వారానే సొమ్ము పంపాలి; అక్కడి ఆస్తినీ ఖాతానూ ఆదాయపు పన్ను రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో చూపాలి. చేతికి నగదు ఇమ్మని అడిగే అమ్మకందారుతో మాట ముగించి రావడమే మేలు. హద్దురాళ్ల దగ్గర పొరుగువారితో నిలబడి తీసుకున్న ఫొటోలు, సంతకాల ప్రతి ఒకటి మీ దగ్గరా మరొకటి తువా గోలో ఇంట్లోనూ ఉంచండి.